దిర్హం ముద్రణ ఎందుకు ఆగింది? - మఖ్రీజీ గ్రంథంపై ఒక పరిశీలన

క్రీ.శ. 1390ల నుంచి 1415 వరకు కైరో టంకశాలలో మేలైన వెండి దిర్హం ముద్రణ దాదాపు నిలిచిపోయింది. అంతకు ముందు శతాబ్దంలో సుల్తాన్ బైబర్స్ కాలపు దిర్హం ఈజిప్టు, సిరియా బజారులను ఏలింది. దాని బరువులో నూటికి 70 వంతులు వెండి. అలాంటి నాణెం సంతల నుంచి, జీతాల నుంచి, చివరికి మహర్ మొత్తాల నుంచి కూడా తప్పుకున్నది. దాని స్థానాన్ని రాగి నాణేలు, అనగా ఫులూస్, ఆక్రమించాయి. ఎందుకు? ఈ ప్రశ్నకు ఆ కాలంలోనే, ఆ నగరంలోనే జీవించిన ఒక పండితుడు జవాబు రాసిపెట్టారు. ఆ జవాబును ఈనాడు మనం ఎలా చదువుతున్నాం అన్నదే ఈ వ్యాస విషయం.

ఆ పండితుడు అల్లామా తఖియుద్దీన్ మఖ్రీజీ (రహ్మ). హి. 766 (క్రీ.శ. 1364)లో కైరోలో జన్మించి, హి. 845 (క్రీ.శ. 1442)లో మరణించారు. గ్రంథం పేరు 'ఇగాసతుల్ ఉమ్మహ్ బి కష్ఫిల్ గుమ్మహ్'. 'కష్టాన్ని తొలగించి సమాజాన్ని ఆదుకోవడం' అని తెలుగులో చెప్పుకోవచ్చు. హి. 808 ముహర్రం నెలలో, అంటే క్రీ.శ. 1405 వేసవిలో, ఒకే రాత్రిలో దీనిని కూర్చి సవరించానని ఆయనే చెప్పుకున్నారు. గ్రంథం చిన్నదే. 1940లో కైరోలో పరిష్కృత ముద్రణ వెలువడిన తరువాత ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లోకి అనువాదమైంది. ఇస్లామీ ఆర్థిక విధానం గురించి రాసేవారు దీనిని తరచుగా ఉదహరిస్తుంటారు. అయితే ఉదహరించే తీరులో ఒక ఇబ్బంది ఉంది. "బంగారం, వెండి వదిలిపెట్టారు, నాశనమయ్యారు, మఖ్రీజీయే సాక్ష్యం" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. గ్రంథాన్ని ఆసాంతం చదివి, అదే రచయిత ఇతర గ్రంథాలను పక్కన పెట్టుకొని చూస్తే విషయం అంత సులువుగా తెగదు.

ముందు గ్రంథకర్త వాదనను న్యాయంగా వినిపిద్దాం. హి. 806లో నైలు నది చాలినంతగా పొంగలేదు. పంటలు పోయాయి, ధరలు మండిపోయాయి. ఇంతకు ముందు కూడా ఈజిప్టులో కరువులు వచ్చాయని, అవి వచ్చినట్టే పోయాయని మఖ్రీజీ పాత చరిత్రలన్నీ తిరగవేసి చూపించారు. మరి ఈ కష్టం ఎందుకు పోవడం లేదు? ఆయన మూడు కారణాలు చెప్పారు. మొదటిది, ప్రభుత్వ పదవులను, ధార్మిక పదవులను సైతం లంచాలిచ్చి కొనుక్కోవడం. రెండవది, సాగు భూముల కౌలు విపరీతంగా పెరగడం. మూడవది, ఫులూస్ చలామణి. సుల్తాన్ బర్ఖూఖ్ కొలువులో ఉస్తాదార్‌గా పనిచేసిన మహ్మూద్ బిన్ అలీ ఫిరంగీ దేశాల నుంచి రాగి తెప్పించి, అలెగ్జాండ్రియాలో కూడా టంకశాల పెట్టించి, లాభాపేక్షతో రాగి నాణేలను గుట్టలుగా ముద్రింపజేశాడని ఆయన ఆరోపణ. దిర్హం కనుమరుగు కావడానికి ఆయన చెప్పిన మాట కూడా స్పష్టమే: కొత్తవి ముద్రించడం మానేశారు, ఉన్నవాటిని అమీర్ల విలాసాలు చూసి జనం నగలుగా కరిగించుకున్నారు, మిగిలినవి ఫిరంగీలు తమ దేశాలకు పట్టుకుపోయారు.

రాసిన మనిషి వీధి తెలియని పండితుడేమీ కాదు. హి. 801లో బర్ఖూఖ్ ఆయనను కైరో ముహ్తసిబ్‌గా, అంటే బజారు తూనికలను, కొలతలను, వర్తక ధర్మాన్ని కనిపెట్టుకొని ఉండే అధికారిగా నియమించాడు. నెలలు గడవకుండానే ఆ పదవి బద్రుద్దీన్ ఐనీ గారికి మారింది. సహీహ్ బుఖారీకి 'ఉమ్దతుల్ ఖారీ' అనే మహా వ్యాఖ్యానం రాసిన ఐనీ గారే ఆయన. పదవులు చేతులు మారే పద్ధతిని మఖ్రీజీ లోపలి నుంచి చూశారు. ఆయన కలంలోని వేడికి అదొక కారణం కావచ్చు. అనుభవం కన్నులు తెరిపిస్తుంది నిజమే. ఒక్కొక్కప్పుడు చూపును ఒకే వైపు కట్టివేస్తుంది కూడా.

ఇక పరిశీలనకు వద్దాం. ఏదైనా ఒక రకం నాణెం ఫలానా సంవత్సరాల్లో ముద్రణ కాలేదు అనేముందు రెండు మాటలను వేరు చేయాలి. 'దొరకలేదు' అన్నది ఒక మాట. 'ముద్రించలేదు' అన్నది మరొక మాట. వెండి నాణేలు కొలిమికి పోతాయి, కొత్త నాణేలుగా మారుతాయి, నేలలో పాతిన బిందెలు బయటపడకనే పోతాయి. కాబట్టి మ్యూజియం అరలో ఖాళీ ఉన్నంత మాత్రాన టంకశాల మూతపడిందని తీర్పు చెప్పరాదు. కైరో విషయంలో మాత్రం మూడు సాక్ష్యాలు ఒక్క మాట మీద నిలుస్తున్నాయి. 1964లో పాల్ బాలోగ్ వెలువరించిన మమ్లూక్ నాణేల పట్టికలో ఈ కాలపు కైరో వెండి చాలా అరుదు. చరిత్రకారులు దిర్హం కొరతను ఏడాదికేడాది రాసిపెట్టారు. ధరలను కూడా 'ఫులూస్ దిర్హం' లెక్కలో చెప్పడం మొదలుపెట్టారు. కనుక ముద్రణ దాదాపు ఆగిందన్న మఖ్రీజీ మాట నిజమే. ఆయన పొరపాటు అక్కడ లేదు.

పొరపాటు ఎక్కడున్నదంటే, ఆయన రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపివేశారు. వెండి ఎందుకు ముద్రించలేదు అన్నది ఒక ప్రశ్న. రాగి ఎందుకు అంతగా ముద్రించారు అన్నది మరొకటి. రెండవదానికి ఆయన జవాబు గట్టిది: రాగిని లోహంగా కొన్న ధర కంటే నాణెంగా చెల్లించే ధర ఎక్కువ. ఆ తేడా ప్రభుత్వానికీ, దాని అధికారులకూ లాభం. ఆ లాభం రుచి మరిగినవారు ఆపలేదు. కాని ఇదే జవాబు మొదటి ప్రశ్నకు సరిపోదు.

టంకశాల ఎలా నడిచేదో ఒక్కసారి తలచుకుంటే ఇది అర్థమవుతుంది. ఈజిప్టులో చెప్పుకోదగ్గ వెండి గనులు లేవు. వెండి బయటి నుంచి రావాలి, ముఖ్యంగా యూరపు వర్తకుల చేతుల మీదుగా రావాలి. వర్తకుడు వెండిని టంకశాలకు తెస్తే, దానిని నాణెంగా కొట్టి, ముద్రణ ఖర్చు మినహాయించి తిరిగి ఇచ్చేవారు. బజారులో వెండికి పలికే ధర టంకశాలలో ముట్టే దానికంటే ఎక్కువైతే ఎవరూ టంకశాల గడప తొక్కరు. అప్పుడు ఏ సుల్తానూ ఫర్మానా జారీ చేయకుండానే ముద్రణ ఆగిపోతుంది. నాణెం ముద్రణ ఆగడం వెనుక ప్రతిసారీ ఒక దుష్టుని ఆజ్ఞ ఉండి తీరాలన్న నియమం లేదు.

పైగా ఆ సంవత్సరాల్లో వెండి కరువు ఈజిప్టుకే పరిమితం కాలేదు. 1390ల నుంచి 15వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకు యూరపులోనే పలు టంకశాలలు వెండి లేక మందగించాయి, కొన్ని మూతపడ్డాయి. ఈ కొరత మీద జాన్ డే అనే చరిత్రకారుడు 1978లో ప్రచురించిన వ్యాసం చాలామందికి తెలిసినదే. వెండి పంపే దేశాల్లోనే వెండి లేనప్పుడు కైరోకు ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి తోడు 1347-48 మహా ప్లేగు తరువాత ఈజిప్టు జనాభా మళ్ళీ మళ్ళీ కుంగింది. హి. 803 (క్రీ.శ. 1400-01)లో తైమూర్ డమాస్కస్‌ను ధ్వంసం చేశాడు. బర్ఖూఖ్ మరణానంతరం బాలుడైన ఫరజ్ సింహాసనమెక్కగా అమీర్లు ఒకరితో ఒకరు పోరాడారు. కైరోలో కూర్చొని చూస్తున్న మనిషికి అమీర్ల దురాశ కనిపిస్తుంది. సముద్రానికి ఆవల గనుల సంగతి కనిపించదు. ఇందుకు ఆయనను తప్పు పట్టనక్కర లేదు. కాని ఆరు వందల ఏళ్ళ తరువాత కూడా ఆయన కిటికీలోంచి మాత్రమే చూస్తామనడం మన తప్పు.

ఇది నేను బయటి గ్రంథాల బలంతో మాత్రమే అంటున్న మాట కాదు. మఖ్రీజీ గారే తమ ఇతర రచనల్లో దీనికి సాక్ష్యం ఇచ్చారు. సుల్తాన్ ముఅయ్యద్ షైఖ్ కోరిక మీద ఆయన నాణేల చరిత్రను 'షుజూరుల్ ఉఖూద్' అనే చిన్న గ్రంథంగా రాశారు. రాజ్య చరిత్రను 'అస్సులూక్' అనే పెద్ద గ్రంథంలో ఏడాది వారీగా రాశారు. వాటి ప్రకారం సిరియాలో తిరుగుబాటు చేసిన అమీర్ నౌరూజ్ డమాస్కస్‌లో మంచి వెండి నాణెం ముద్రించాడు. దానికి అతని పేరు మీదనే 'నౌరూజీ' అని పేరు. హి. 817లో ముఅయ్యద్ అతనిని ఓడించి తిరిగి వచ్చినప్పుడు సైన్యంతోపాటు నౌరూజీ, వెనీసు వెండి నాణేలు కైరోకు చేరాయి. మరుసటి ఏడు, హి. 818 (క్రీ.శ. 1415)లో, 'ముఅయ్యదీ' అనే వెండి అర్ధ దిర్హం కైరోలో ముద్రణ అయింది. అంటే వెండి వచ్చింది, నాణెం వచ్చింది!

ఇక్కడ పాఠకులు ఒక చిన్న తర్కం గమనించగలరు. నౌరూజ్ ఎవరు? మఖ్రీజీ నిందించిన అమీర్ల వర్గంలోని వాడే. అతడు వారికంటే ధర్మాత్ముడన్న సాక్ష్యం ఏదీ లేదు. ముఅయ్యద్ కాలంలో గాని, ఆ తరువాత బర్స్‌బాయ్ కాలంలో గాని పదవుల అమ్మకం ఆగిందా? ఆగలేదు. కారణమని చెప్పినది అలాగే కొనసాగుతుండగా దాని ఫలితం మాయమైతే, అది అసలు కారణం కాదన్నమాట. అయినా, కారణాల్లో ఒకటి మాత్రమే. లంచం పాపమే. దానిని పాపం అనడానికి అది వెండి కొరతను తెచ్చిందని నిరూపించవలసిన పని లేదు.

గ్రంథంలో మరొక మాట ఉంది. అది మదరసాలో చదువుకున్నవారిని మరింతగా ఆలోచింపజేస్తుంది. బంగారం, వెండి మాత్రమే అసలైన ద్రవ్యమని, రాగి ఏ జాతిలోనూ చిల్లర వస్తువుల కొనుగోలుకు మించి ద్రవ్యం కాలేదని మఖ్రీజీ వాదించారు. ఖుర్ఆన్‌లో దీనార్ మాట ఆలి ఇమ్రాన్ సూరా 75వ ఆయతులోను, దిర్హం మాట యూసుఫ్ సూరా 20వ ఆయతులోను వస్తాయి. జకాత్ నిసాబ్ కూడా ఈ రెండు లోహాల లెక్కలోనే ఉంది. ఇవి కాదనలేని విషయాలు. అయితే వేరే ఏదీ ద్రవ్యం కాజాలదన్న తీర్మానం ఫుఖహాల ఏకాభిప్రాయం కాదు. హజ్రత్ ఉమర్ (రజి) ఒంటె తోలుతో దిర్హంలు చేయించాలని తలపెట్టి, అలాగైతే ఒంటెలే మిగలవని చెప్పగా విరమించుకున్నట్టు బలాజురీ నమోదు చేశారు. ఆయన మానుకున్నది ఒంటెల కోసం. తోలు ద్రవ్యం కాజాలదని కాదు. ప్రజలు తోలునే ముద్ర వేసి ద్రవ్యంగా చలామణి చేసుకుంటే దానిని బంగారం, వెండితో వాయిదా మీద మార్చడం తనకు ఇష్టం కాదని ఇమామ్ మాలిక్ అభిప్రాయం 'అల్ ముదవ్వనహ్'లో ఉంది. అంటే తోలు కూడా జనసమ్మతితో ద్రవ్య నియమాల కిందికి రావచ్చునన్నమాట. మఖ్రీజీకి సుమారు ఎనభై ఏళ్ళ ముందు, అదే మమ్లూక్ రాజ్యంలో, హి. 728లో మరణించిన ఇబ్న్ తైమియా (రహ్మ) దిర్హం, దీనార్‌లకు ప్రకృతి సిద్ధమైన హద్దు గాని, షరీఅత్ నిర్ణయించిన హద్దు గాని లేదని, అది ప్రజల వాడుకను బట్టి ఉంటుందని అన్నారు. అయితే పాలకుడు ఫులూస్‌ను న్యాయమైన విలువకే ముద్రించాలి, దానిని వ్యాపారంగా చేసుకోరాదు అని కూడా ఆయనే చెప్పారు. నా దృష్టిలో ఈజిప్టు కష్టానికి సరియైన ధార్మిక విమర్శ ఈ రెండవ మాటలోనే ఉంది. తప్పు రాగిది కాదు; రాగిలో ప్రజల సొమ్మును కరిగించి తాగిన చేతిది.

ఇంతవరకు చెప్పినది చూసి గ్రంథాన్ని నేను తక్కువ చేస్తున్నానని భావించవద్దు. ఈ గ్రంథం గొప్పతనం కారణాల పట్టికలో లేదు, బాధితుల పట్టికలో ఉంది. మఖ్రీజీ సమాజాన్ని ఏడు వర్గాలుగా విభజించారు. పాలకవర్గం, ధనిక వర్తకులు, మధ్యతరగతి వ్యాపారులు, రైతులు, ధార్మిక విద్యావంతులూ స్థిరమైన భృతి మీద బ్రతికేవారూ, చేతివృత్తులవారూ కూలీలూ, చివరకు యాచకులు. ఎవరికి ఏమైందో ఒక్కొక్కరిగా చూశారు. పాలకులకు చేతికి వచ్చే దిర్హంల సంఖ్య పెరిగి సంపద పెరిగినట్టు తోస్తున్నది గాని, వాటితో కొనగలిగేది తగ్గిందని చెప్పారు. ధరలను ఫులూస్‌లో గాక బంగారంలో, వెండిలో లెక్కగడితే పెరుగుదల కొద్దిపాటిదేనని చూపించారు. అంటే సరుకుల ధర ఎక్కువగా పెరగలేదు, కొలిచే కొలబద్ద కుంచించుకుపోయింది. 1405లో ఒక మనిషి దీపం ముందు కూర్చొని ఇంత చూడగలగడం సామాన్యం కాదు. ఆ రోజుల్లో ఇబ్న్ ఖల్దూన్ కైరోలో జీవించే ఉన్నారు. మఖ్రీజీ ఆయన పాఠాలు విన్నవారు. గురువు వద్ద నేర్చిన చూపు శిష్యుని పుటల్లో తెలుస్తూనే ఉంది.

ఈ భాగాన్ని తెలుగులోకి తేవాలని కూర్చున్నప్పుడు నాకు ఎదురైన చిక్కును ఇక్కడ చెప్పాలి. 'దిర్హం మినల్ ఫులూస్' అనే పదబంధం దగ్గర కలం ఆగిపోయింది. అక్షరాలా రాస్తే 'రాగి నాణేలలోని దిర్హం' అవుతుంది. అలాంటి నాణెం ఏదీ లేదు. అది చేతితో పట్టుకునే వస్తువు కాదు, లెక్క కోసం మిగిలిన పేరు. వెండి దిర్హం పోయింది, దాని పేరు మాత్రం రాగి బరువుకు అంటుకొని ఉండిపోయింది. చివరికి నాకు దారి చూపింది మా ఇంటి పెద్దల మాటే. నిజాం రాజ్యంలో 'హాలీ రూపాయి', బ్రిటిష్ వారి 'కల్దార్ రూపాయి' అని రెండు ఉండేవి. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. పేరు ఒకటే, విలువ వేరు. కనుక 'ఎంత రూపాయి?' అనడానికి ముందు 'ఏ రూపాయి?' అని అడిగేవారు. 'ఫులూస్ లెక్క దిర్హం' అని రాసి ముందుకు సాగాను. మఖ్రీజీని ఉదహరించేవారు చాలామంది ఈ తేడాను వదిలేసి, అంతటా 'దిర్హం' అని రాసి, ధరలు పదింతలు పెరిగాయని వాపోతుంటారు. ఏ దిర్హం అన్నది అడగకుండా ఆ మాట అనడానికి వీలులేదు.

ఇది పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఒక ముద్రణ ఆగినప్పుడు దాని పేరు మీద చేసుకున్న ఒప్పందాలన్నీ గాలిలో వేలాడుతాయి. కైరోలో వక్ఫ్ నుంచి నెలకు ఇన్ని దిర్హంలని రాయించుకున్న ఉపాధ్యాయునికి, అంతే సంఖ్యలో ఫులూస్ దిర్హంలు ఇచ్చి పంపితే అన్యాయం జరిగినట్టా, కానట్టా? ఫులూస్ విలువ మారితే అప్పును ఎలా తీర్చాలన్న దానిపై హనఫీ ఫిఖ్‌హ్‌లోనే భేదాభిప్రాయం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అన్ని నాణేలే తిరిగి ఇవ్వాలన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) ఒప్పందం నాటి విలువను చూడాలన్నారు. తరువాతి కాలంలో ఈజిప్టులో సుయూతీ, సిరియాలో ఇబ్న్ ఆబిదీన్ ఈ ప్రశ్న మీద ప్రత్యేకంగా చిన్న గ్రంథాలే రాశారు. దిర్హం ఎందుకు ఆగిందన్న చర్చలో మనం అసలు వెతకవలసినది ఇక్కడే.

హైదరాబాదు నికాహ్‌నామాల్లో మహర్ మొత్తంతోపాటు 'దో దీనారె సుర్ఖ్' అని రాసే ఆచారం పాఠకులకు తెలుసు. రూపాయల మొత్తం ఏళ్ళు గడిచేకొద్దీ కరిగిపోయినా, ఆ రెండు ఎర్రని దీనార్లు స్త్రీ పక్షాన నిలబడతాయి. హాలీ సిక్కా 1959 నాటికి చెల్లుబాటు కోల్పోయింది. అప్పటి నికాహ్‌నామాను పట్టుకొని, "వెయ్యి రూపాయలే కదా" అని ఈనాటి నోట్లు రెండు విదిలించి చేతులు దులుపుకున్న వారిని నేను చూశాను. కైరో ఉపాధ్యాయుని బాధ, ఈ స్త్రీ బాధ వేరు కావు. బంగారు నాణేనికి మన పెద్దలు వాడిన 'అష్రఫీ' అనే పేరు కూడా ఈ కథలోదే. మఖ్రీజీ జీవించి ఉండగానే, హి. 829 (క్రీ.శ. 1425)లో, సుల్తాన్ అల్ అష్రఫ్ బర్స్‌బాయ్ వెనీసు డ్యుకాట్‌కు దగ్గరి బరువుతో, సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెం ముద్రించాడు. ఆయన బిరుదు మీద దానికి అష్రఫీ అని పేరు వచ్చింది. ఆ పేరు ఇరాన్ మీదుగా హిందూస్థాన్ చేరి ఆసఫ్‌జాహీల బంగారు నాణేల దాకా నిలిచింది.

కనుక 'ఇగాసతుల్ ఉమ్మహ్'ను ఉదహరించే సోదరులకు నా విన్నపం ఒక్కటే. దానిని వెండి, బంగారాల స్తోత్రంగా చదవకండి. ఒక్క రాత్రి ఆవేదనలో రాసిన కారణాలను ఆ రచయితే తరువాత నింపాదిగా రాసిన గ్రంథాలతో సరిపోల్చి చూడండి. వెండి రాకపోవడానికి కారణం చాలావరకు సముద్రానికి ఆవల ఉంది. కాని వెండి రాని రోజుల్లో ఆ భారాన్ని ఎవరి నెత్తిన వేయాలన్న నిర్ణయం మాత్రం కైరోలోనే జరిగింది. లోహం కొరత మనుషుల చేతిలో లేకపోవచ్చు. న్యాయం మాత్రం వారి చేతిలోనే ఉంది. మఖ్రీజీ గారి ఏడు వర్గాల పట్టిక చెప్పేది ఇదే. అసలు సంగతి అల్లాహ్‌కే బాగా తెలుసు.